జార్జియా హోప్ స్కాలర్‌షిప్: చట్టం మారుతూ ఉంటే మీ పిల్లల అర్హత, గంటలు, డబ్బు ఎలా లెక్క చూసుకోవాలి

అట్లాంటా చుట్టుపక్కల ఆల్ఫరెటా, కమ్మింగ్, జాన్స్ క్రీక్, సువానీలలో ఉండే తెలుగు కుటుంబాల్లో మార్కులు బాగున్న విద్యార్థులకు కాలేజీ ట్యూషన్ కోసం జార్జియా రాష్ట్రం ఇచ్చే హోప్ స్కాలర్‌షిప్ మాట ఎత్తితే ముగ్గురు మూడు రకాలుగా చెబుతారు. పుస్తకాలకు కూడా డబ్బిస్తారని ఒకరు, ట్యూషన్‌లో 90 శాతమే ఇస్తారని ఇంకొకరు, ఏడేళ్లలో డిగ్రీ అయిపోవాలని మరొకరు. ముగ్గురూ అబద్ధం చెప్పడం లేదు. వాళ్ల పిల్లలు చదివిన ఏడాదికి ఆ నిబంధనే ఉండేది. 1993లో మొదలైన ఈ పథకాన్ని రాష్ట్ర శాసనసభ చాలాసార్లు మార్చింది. పక్కింటి వాళ్ల పెద్దమ్మాయి అనుభవాన్ని నమ్ముకుని మీ పిల్లవాడి నాలుగేళ్ల ఖర్చు ప్లాన్ చేసుకుంటే నష్టపోయేది మీరే. అందుకే తొమ్మిదో తరగతి నుంచి డిగ్రీ చివరి సెమిస్టర్ దాకా ఎప్పుడు ఏం చూసుకోవాలో వరుసగా చెబుతున్నాం.

ముందు మీ పిల్లలు ఏ నిబంధనల కిందకు వస్తారో తేల్చుకోండి

హోప్‌కు డబ్బు రాష్ట్ర లాటరీ నుంచి వస్తుంది. మొదటి ఏడాది 66,000 డాలర్ల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకే ఇచ్చారు. మరుసటి ఏడాది ఆ హద్దును లక్షకు పెంచారు, 1995లో పూర్తిగా ఎత్తేశారు. ఇప్పుడు హోప్‌కు కుటుంబ ఆదాయంతో పని లేదు. ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తున్నాం, మాకెందుకు ఇస్తారని దరఖాస్తే పెట్టని తల్లిదండ్రులు ఇప్పటికీ ఉన్నారు. ఇంతకంటే అనవసరంగా డబ్బు పోగొట్టుకోవడం ఇంకొకటి లేదు.

పెద్ద మార్పు 2011లో వచ్చింది. లాటరీ ఆదాయం కంటే ఖర్చు వేగంగా పెరుగుతోందని హౌస్ బిల్ 326 తెచ్చారు. పుస్తకాలకు, కాలేజీ ఫీజులకు ఇచ్చే డబ్బు దాంతో పోయింది. హోప్ కింద పూర్తి ట్యూషన్ బదులు, ఏటా నిర్ణయించే రేటు ప్రకారం గంటకు (అంటే కోర్సుకు ఉండే క్రెడిట్ అవర్‌కు) ఇంత అని ఇవ్వడం మొదలుపెట్టారు. పూర్తి ట్యూషన్ కావాలంటే జెల్ మిల్లర్ స్కాలర్‌షిప్ అని పై మెట్టు ఒకటి పెట్టారు. హైస్కూల్లో కఠినమైన కోర్సులు ఇన్ని తీసుకోవాలన్న షరతు, ఏడేళ్ల గడువు, ఒకసారి పోగొట్టుకుంటే ఒక్కసారే తిరిగి తెచ్చుకునే వీలు, ఇవన్నీ ఆ చట్టంతోనే వచ్చాయి.

2019లో హౌస్ బిల్ 218 ఏడేళ్ల గడువును పదేళ్లు చేసింది. అయితే ఇది 2019 వేసవిలోనో ఆ తర్వాతో మొదటిసారి హోప్ అందుకున్న వాళ్లకే. 2023 ఫాల్ సెమిస్టర్ నుంచి ప్రభుత్వ కాలేజీల్లో హోప్ మళ్లీ 100 శాతం ట్యూషన్‌కు చేరింది. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఈ 100 శాతం ఏటా బడ్జెట్‌లో కేటాయించే డబ్బు మీద నిలబడినది. లాటరీ ఆదాయం పడిపోతే మళ్లీ తగ్గొచ్చు. ఇప్పుడు ఎనిమిదో తరగతిలో ఉన్న పిల్లల కోసం లెక్క వేస్తుంటే హోప్‌ను 90 శాతంగా వేసుకోవడమే క్షేమం.

వీసా, నివాసం: ఇక్కడే చాలామంది దెబ్బతింటారు

మార్కుల కంటే ముందు చూడాల్సింది ఇదే. విద్యార్థి అమెరికా పౌరుడై ఉండాలి, లేదా ఫెడరల్ విద్యా సహాయానికి అర్హత ఉన్న నాన్-సిటిజన్ అయి ఉండాలి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు ఈ రెండో కోవలోకి వస్తారు. హెచ్-4 వీసా (హెచ్-1బి ఉద్యోగుల కుటుంబ సభ్యుల వీసా) మీద ఉన్న పిల్లలు రారు. పదేళ్లుగా జార్జియాలో ఉంటున్నా, పన్నులు కడుతున్నా, స్కూల్లో మొదటి ర్యాంకు వచ్చినా హెచ్-4 మీద హోప్ రాదు. గ్రీన్ కార్డు క్యూలో ఏళ్ల తరబడి ఉన్న తెలుగు కుటుంబాలకు ఇది చాలా బాధ కలిగించే నిబంధన. అయినా పన్నెండో తరగతి చివర్లో తెలిసి కుంగిపోవడం కంటే తొమ్మిదో తరగతిలోనే తెలుసుకుని డబ్బు ఏర్పాటు చేసుకోవడం మంచిది.

హెచ్-4 మీద ఉన్నవాళ్లు కూడా ఇన్-స్టేట్ ట్యూషన్ (రాష్ట్ర నివాసులకు ఉండే తక్కువ ఫీజు) సంగతి వదిలేయకండి. హోప్ వేరు, ఇన్-స్టేట్ ట్యూషన్ వేరు. హోప్ రాకపోయినా, నివాసానికి ఆధారాలు చూపించి ఇన్-స్టేట్ రేటు కోసం కాలేజీకి పిటిషన్ పెట్టుకోవచ్చు. ఫలితం కాలేజీ చూసే పత్రాల మీద ఉంటుంది. కాబట్టి పన్ను రిటర్నులు, ఇంటి లీజు లేదా మార్ట్‌గేజ్ కాగితాలు, డ్రైవింగ్ లైసెన్సులు, ఇమిగ్రేషన్ శాఖ పంపిన ఐ-797 నోటీసులు తేదీల వారీగా ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి.

నివాసం లెక్క ఇలా ఉంటుంది. హైస్కూల్ పూర్తయ్యేనాటికి జార్జియా నివాసి అయితే, కాలేజీలో హోప్ తీసుకునే టర్మ్ (సెమిస్టర్) తరగతులు మొదలయ్యే రోజుకు ముందు వరుసగా 12 నెలల నివాసం ఉండాలి. అప్పటికి నివాసి కాకపోతే 24 నెలలు. పౌరసత్వం లేదా గ్రీన్ కార్డు హోదా కూడా ఎన్ని నెలలుగా ఉందో చూస్తారు. పన్నెండో తరగతి మధ్యలో కార్డు చేతికొచ్చిన ఇళ్లలో గందరగోళం ఇక్కడే. కార్డు మీద "రెసిడెంట్ సిన్స్" దగ్గర ఉన్న తేదీ రాసిపెట్టుకోండి. మీ అబ్బాయికి ఏ టర్మ్ నుంచి హోప్ వర్తిస్తుందో కాలేజీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసును ఈమెయిల్‌లో అడిగి, జవాబు ఈమెయిల్‌లోనే తెప్పించుకోండి. ఫోన్‌లో చెప్పిన మాటకు రేపు ఆధారం ఉండదు.

హోప్ జీపీఏ మీరే వేసుకోండి

స్కూల్ ట్రాన్స్‌క్రిప్ట్ (మార్కుల పట్టిక) మీద ఉన్న జీపీఏ, అంటే గ్రేడుల సగటు, హోప్ జీపీఏ కాదు. హోప్ జీపీఏను జార్జియా స్టూడెంట్ ఫైనాన్స్ కమిషన్ విడిగా లెక్క కడుతుంది. ఆ లెక్కకు నాలుగు సూత్రాలు:

ఇంగ్లిష్, గణితం, సైన్స్, సోషల్ స్టడీస్, విదేశీ భాష, ఈ ఐదు కోర్ సబ్జెక్టులనే తీసుకుంటారు. బ్యాండ్, పీఈ, ఆర్ట్ లాంటివి రావు.

స్కూల్ కలిపిన అదనపు పాయింట్లు తీసేస్తారు. కొన్ని కౌంటీలు ఆనర్స్‌కు (మామూలు కంటే కాస్త కఠినమైన కోర్సులు), ఏపీకి (కాలేజీ స్థాయి కోర్సులు) 5, 7, 10 ఇలా పాయింట్లు కలుపుతాయి. అవి పోయాక మిగిలిన మార్కును గ్రేడుగా మారుస్తారు. 90 ఆపైన 4.0, 80 నుంచి 89 అయితే 3.0, 70 నుంచి 79 అయితే 2.0, 70 కంటే తక్కువైతే 0.

ఏపీ, అలాంటిదే అయిన ఐబీ, డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్ (హైస్కూల్లో ఉండగానే చదివే కాలేజీ కోర్సులు) కోర్ కోర్సుల్లో బి, సి వస్తే 0.5 కలుపుతారు. ఎ వస్తే ఏమీ కలపరు, 4.0 దగ్గరే ఆగుతుంది. ఆనర్స్ కోర్సులకు ఏమీ కలవదు.

ఫెయిలై మళ్లీ రాసినా పాత గ్రేడు పోదు. తీసుకున్న ప్రతి కోర్ కోర్సూ లెక్కలోకి వస్తుంది.

ఒక పదకొండో తరగతి అమ్మాయి మార్కులు తీసుకుందాం. ఆనర్స్ కెమిస్ట్రీలో ట్రాన్స్‌క్రిప్ట్ మీద 91 ఉంది. అందులో స్కూల్ కలిపిన 7 తీసేస్తే 84, అంటే 3.0. ఏపీ యూఎస్ హిస్టరీ 90 ఉంది, 7 తీస్తే 83, బి కాబట్టి 3.0కి 0.5 కలిపి 3.5. ఏపీ కాల్‌క్యులస్ 99లో 7 తీస్తే 92, అంటే 4.0. మామూలు ఇంగ్లిష్ 88, అంటే 3.0. స్పానిష్ మూడో స్థాయి 95, అంటే 4.0. అన్నీ కలిపితే 17.5, ఐదుతో భాగిస్తే 3.5. కాగితం మీద ఒక్క ఇంగ్లిష్ తప్ప అన్నీ 90 లేదా ఆపైనే కనిపిస్తున్నాయి. ఇంట్లో అందరూ జెల్ మిల్లర్ ఖాయం అనుకుంటారు. అసలు లెక్కలో మాత్రం హోప్ వస్తుంది, జెల్ మిల్లర్ రాదు.

హోప్‌కు కావాల్సింది 3.0. జెల్ మిల్లర్‌కు 3.7తో పాటు కాలేజీ ప్రవేశ పరీక్షలైన శాట్‌లో 1200 లేదా యాక్ట్‌లో 25 రావాలి. వేర్వేరు రోజుల్లో రాసిన పరీక్షల నుంచి మంచి స్కోర్లు ఏరి కలిపే సూపర్‌స్కోర్ ఇక్కడ చెల్లదు. ఒకే రోజు పరీక్షలో ఆ మొత్తం రావాలి, అదీ హైస్కూల్ పూర్తయ్యేలోపు. మన పిల్లల్లో చాలామందికి 1200 కష్టం కాదు. పదో తరగతిలో తేలిగ్గా తీసుకున్న ఆనర్స్ సబ్జెక్టులో పడ్డ బి గ్రేడులే 3.7ను దెబ్బతీస్తాయి. స్కూల్లో వాలెడిక్టోరియన్ (మొదటి స్థానం), సాల్యుటటోరియన్‌గా (రెండో స్థానం) నిలిచి హోప్ అర్హత ఉన్నవాళ్లకు ఈ 3.7, స్కోరు షరతులు లేకుండానే జెల్ మిల్లర్ వస్తుంది.

రిగర్ షరతు, అంటే పైన చెప్పిన కఠినమైన కోర్సుల షరతు, మరవకండి. 2017 మే 1 తర్వాత పట్టా తీసుకునే ప్రతి విద్యార్థికీ కమిషన్ ప్రకటించిన జాబితాలోంచి నాలుగు పూర్తి క్రెడిట్లు ఉండాలి. పై స్థాయి గణితం, కెమిస్ట్రీ, ఫిజిక్స్, విదేశీ భాషలో పై కోర్సులు, ఏపీ, ఐబీ, డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్ కోర్ కోర్సులు ఈ జాబితాలో వస్తాయి. కాలేజీకి సిద్ధమయ్యే పిల్లలకు ఇవి మామూలుగానే పూర్తవుతాయి. వేరే రాష్ట్రం నుంచి పదకొండో తరగతిలో వచ్చి చేరిన పిల్లల విషయంలోనే కోర్సు పేర్లు సరిపోలక తేడా వస్తుంది. అలాంటప్పుడు చేరిన నెలలోనే కౌన్సెలర్‌తో కూర్చుని జాబితాతో పోల్చి చూడండి.

డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్‌కు కూడా 2020లో హౌస్ బిల్ 444 హద్దు పెట్టింది. రాష్ట్రం డబ్బు కట్టేది 30 సెమిస్టర్ గంటల వరకే.

దరఖాస్తు

కమిషన్ నడిపే జీఏఫ్యూచర్స్ వెబ్‌సైట్‌లో విద్యార్థి పేరుతో ఖాతా తెరవండి. ఇది తొమ్మిదో తరగతిలోనే చేయొచ్చు. స్కూల్ ట్రాన్స్‌క్రిప్ట్ పంపాక అందులో హోప్ జీపీఏ కనిపిస్తుంది, మీరు వేసుకున్న లెక్కతో పోల్చుకోవచ్చు.

దరఖాస్తుకు రెండు దారులు. ఒకటి ఫాఫ్సా అనే ఫెడరల్ విద్యా సహాయ దరఖాస్తు, ఏటా నింపాలి. రెండోది జీఎస్‌ఎఫ్ఏపీపీఎస్ అనే రాష్ట్ర దరఖాస్తు, ఒకసారి పెడితే పదేళ్లు చెల్లుతుంది. ఫెడరల్ గ్రాంట్ ఎలాగూ రాదనుకునే కుటుంబాలకు రెండోది చాలు. అయినా రెండూ పెట్టడమే మంచిది. ఉద్యోగం పోవచ్చు, ఆదాయం తగ్గొచ్చు, కాలేజీ సొంతంగా ఇచ్చే సాయానికి ఫాఫ్సా అడగొచ్చు.

తప్పులు జరిగే చోట్లు తక్కువే కానీ నెలల తరబడి తిప్పుతాయి. తెలుగు పేర్లతో వచ్చే చిక్కు మొదటిది. ఇంటిపేరు స్కూల్ రికార్డులో ఒకలా, సోషల్ సెక్యూరిటీ కార్డు మీద ఇంకోలా, శాట్ రిజిస్ట్రేషన్‌లో మరోలా ఉంటే రికార్డులు ఒకదానితో ఒకటి జత కావు. స్కూల్లో చేరినప్పుడు సోషల్ సెక్యూరిటీ నంబర్ లేక, తర్వాత వచ్చినా స్కూల్‌కు చెప్పని వాళ్లకూ ఇదే జరుగుతుంది. జీపీఏ, స్కోరు రెండూ ఉన్నా జీఏఫ్యూచర్స్ ఖాతాలో ఖాళీగా కనిపిస్తాయి. పదకొండో తరగతి వేసవిలో మూడు చోట్లా పేరు, పుట్టిన తేదీ, నంబర్ ఒకేలా ఉన్నాయో లేదో సరిచూసుకోండి. పన్నెండో తరగతి మే నెలలో మొదలుపెడితే ఫాల్ బిల్లు కట్టే గడువులోగా తేలకపోవచ్చు.

కాలేజీలో 127 గంటల లెక్క

హోప్, జెల్ మిల్లర్ రెండింటికీ పై హద్దు 127 సెమిస్టర్ గంటలు. ఒక టర్మ్‌లో గరిష్ఠంగా 15 గంటలకే డబ్బిస్తారు. మామూలు డిగ్రీకి 120 గంటలు కావాలి కాబట్టి చేతిలో మిగిలేది 7 గంటలు, అంటే రెండు కోర్సులు. కొన్ని ఇంజినీరింగ్ డిగ్రీలు 120 దాటుతాయి, అక్కడ ఆ రెండు కోర్సుల వెసులుబాటు కూడా ఉండదు. మేజర్ మార్చుకునే ముందు పాత కోర్సుల్లో ఎన్ని కొత్త డిగ్రీకి పనికొస్తాయో అడ్వైజర్‌తో కాగితం మీద వేయించుకోండి.

డబ్ల్యూ గ్రేడు సంగతి పిల్లలకు విడమరచి చెప్పాలి. కోర్సు మధ్యలో విత్‌డ్రా చేస్తే జీపీఏ తగ్గదు, నిజమే. కానీ ఆ గంటలు తీసుకున్న గంటల్లో పడిపోతాయి. నాలుగు గంటల కోర్సు ఒకటి విత్‌డ్రా చేస్తే ఉన్న 7లో 4 పోయినట్టే. టర్మ్ మొదట్లో కోర్సులు మార్చుకోనిచ్చే డ్రాప్-యాడ్ వారంలోగా తీసేస్తే ఈ నష్టం లేదు, కాబట్టి మొదటి వారం తరగతులు చూసి వెంటనే నిర్ణయించుకోమనండి.

జీపీఏను రెండు రకాలుగా చూస్తారు. తీసుకున్న గంటలు 30, 60, 90 చేరిన ప్రతిసారీ ఒకసారి, ప్రతి స్ప్రింగ్ సెమిస్టర్ చివర ఒకసారి. హోప్ నిలవాలంటే 3.0, జెల్ మిల్లర్ నిలవాలంటే 3.3. జెల్ మిల్లర్ పోయినా 3.0 ఉంటే హోప్ వస్తుంది. కాలేజీలో కోర్సు మళ్లీ రాస్తే కాలేజీ పాత గ్రేడును తీసేయొచ్చు. హోప్ లెక్కలో రెండు గ్రేడులూ ఉంటాయి. 2.99 ఉంటే 3.0 కింద చూడరు.

జార్జియా టెక్‌లోనూ ఇతర కాలేజీల సైన్స్ విభాగాల్లోనూ చదివేవాళ్లకు 2016లో హౌస్ బిల్ 801 మేలు చేసింది. నిర్ణయించిన స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సుల్లో బి, సి, డి వస్తే హోప్ లెక్కలో 0.5 కలుపుతారు. ఇది ఎంత తేడా తెస్తుందో చూడండి. మొదటి 30 గంటలకు 3.3 కావాలంటే 99 పాయింట్లు రావాలి. నాలుగు గంటల కాల్‌క్యులస్‌లో సి వస్తే 8 పాయింట్లే వస్తాయి, మిగతా 26 గంటల్లో 91 తెచ్చుకోవాలి, అంటే సగటు 3.5. స్టెమ్ జాబితాలో ఉంటే ఆ సి 2.5 అవుతుంది, 10 పాయింట్లు వస్తాయి, మిగతా సగటు 3.42 చాలు. సెమిస్టర్ మొదట్లోనే ఈ లెక్క వేసుకుంటే ఏ కోర్సు మీద ఎక్కువ సమయం పెట్టాలో తేలుతుంది.

ఒకసారి పోగొట్టుకుంటే తర్వాతి 30, 60 లేదా 90 గంటల మజిలీలో జీపీఏ అందుకుని తిరిగి తెచ్చుకోవచ్చు. రెండోసారి పోతే ఇక రాదు. 90 దగ్గర పోయినా రాదు. హైస్కూల్లో 3.0 రాని పిల్లలు నిరాశ పడనక్కర్లేదు, కాలేజీలో ఈ మజిలీల్లో 3.0 చూపిస్తే అక్కడి నుంచి హోప్ మొదలవుతుంది. జెల్ మిల్లర్‌కు మాత్రం హైస్కూల్ అర్హత ఉండి తీరాలి.

డబ్బు ఎక్కడిదాకా వస్తుంది

ట్యూషన్‌కే వస్తుంది. హాస్టల్, భోజనం, కాలేజీ విధించే ఫీజులు, పుస్తకాలు మీ జేబులోంచే. బిల్లు మీద "హోప్" వరుస చూసి మిగతాది సున్నా అనుకోకండి. ఇంటికి దూరంగా ఉండి చదివే పిల్లలకు అసలు పెద్ద ఖర్చు వసతి, భోజనాలదే. ఎమరీ, మెర్సర్ లాంటి ప్రైవేటు యూనివర్సిటీల్లో హోప్ ఒక నిర్ణీత మొత్తం మాత్రమే ఇస్తుంది, అక్కడి ట్యూషన్‌లో అది చిన్న భాగం. గంటకు ఎంత, ఏ కాలేజీకి ఎంత అన్న రేట్ల పట్టిక ఏటా జీఏఫ్యూచర్స్‌లో వస్తుంది.

డిగ్రీ చివరిదాకా వచ్చి డబ్బు చాలక ఆగిపోయేవాళ్ల కోసం 2022లో హౌస్ బిల్ 1435తో కాలేజీ కంప్లీషన్ గ్రాంట్ పెట్టారు. ప్రోగ్రాంలో 80 శాతం పూర్తిచేసినవాళ్లకు 2,500 డాలర్ల దాకా అని అప్పుడు రాశారు. మీ బిడ్డ చివరి ఏడాదిలో ఉండి బిల్లు బాకీ ఉంటే, ఈ ఏడాది హద్దు ఎంత ఉందో ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసులో అడగండి. అడగకుండా ఎవరూ పిలిచి ఇవ్వరు.

కొత్త బిల్లు వార్త వస్తే

జార్జియా శాసనసభ ఏటా జనవరి రెండో సోమవారం మొదలై 40 పనిదినాలు నడుస్తుంది. 28వ రోజును క్రాస్‌ఓవర్ డే అంటారు. అప్పటికి ఒక సభలో గట్టెక్కని బిల్లు ఆ ఏడాదికి దాదాపు ఆగిపోయినట్టే. సమావేశాలు ముగిశాక సంతకం పెట్టడానికో వీటో చేయడానికో గవర్నర్‌కు 40 రోజులు ఉంటాయి. కాబట్టి ఫిబ్రవరిలో వాట్సాప్ గ్రూపులో తిరిగే "హోప్ మారిపోయింది" అన్న సందేశాన్ని అప్పుడే నమ్మకండి. అది అప్పటికి బిల్లు మాత్రమే.

శాసనసభ వెబ్‌సైట్‌లో బిల్లు నంబర్ కొట్టి అసలు పాఠం తెరవండి. కొట్టేసిన అక్షరాలు పోయే నిబంధనలు, కింద గీత ఉన్నవి కొత్తగా చేరేవి. అందులో ముందు వెతకాల్సింది తేదీ. "ఫలానా తేదీ తర్వాత హైస్కూల్ పూర్తిచేసినవారికి" అనో "ఫలానా టర్మ్ తర్వాత మొదటిసారి అందుకున్నవారికి" అనో ఉంటుంది. ఆ ఒక్క వాక్యంతో మీ పెద్దబ్బాయికి పాత నిబంధన, చిన్నమ్మాయికి కొత్త నిబంధన వర్తించవచ్చు. ఆ తర్వాత అంకెలు చూడండి: జీపీఏ, స్కోరు, గంటలు, ఏళ్లు. చివరగా బడ్జెట్ బిల్లు. చట్టంలో ఒక్క అక్షరం మారకపోయినా గంటకు ఇచ్చే రేటు బడ్జెట్‌తోనే మారిపోవచ్చు.

జూలైలో కమిషన్ ఆ విద్యా సంవత్సరానికి కొత్త నిబంధనల పుస్తకం, రేట్ల పట్టిక పెడుతుంది. మీ ఫోల్డర్‌లో పాతవి తీసేసి అవి పెట్టుకోండి. పైన ఏడాది రాసి ఉందో లేదో చూసుకోండి.